గగనేంద్రనాథ ఠాకూరు: చిత్రకళ, గృహోపకరణములు, సంగీతము

కలకత్తాకు వచ్చిన తెలుగువారు తప్పక జోడాసాంకో వెళ్లి విశ్వకవి రవీంద్రనాథుని గృహమును దర్శించి వత్తురు. ద్వారకానాథ ఠాకూరు సందులో 6వ నంబరు గల ఆ భవనమునకు ప్రక్కనే ఒకప్పుడు 5వ నంబరు గల మరియొక భవనముండెడిది. నేడది లేదు. ఆ యింటి దక్షిణపు వసారాలో ముగ్గురు అన్నదమ్ములు నిత్యము కలసి కూర్చుండెడివారు. వారిలో జ్యేష్ఠుడు గగనేంద్రనాథుడు. తమ్ముడు అవనీంద్రనాథుని కీర్తి వెనుక ఆయన పేరు కొంత మరుగుపడినది. కాని చిత్రకళలోనే గాక, మనము కూర్చుండు పీట విషయమునను, పాట వినెడి గది విషయమునను కూడ ఆయన మనవారి కొక కొత్తచూపును ప్రసాదించెను.

గగనేంద్రనాథుడు 1867 సెప్టెంబరు మాసమున జన్మించెను. ముత్తాత ద్వారకానాథ ఠాకూరు వర్తకమున అపారధనము గడించి, ప్రిన్సు అను బిరుదముతో వ్యవహరింపబడినవాడు. తాత గిరీంద్రనాథుడు మహర్షి దేవేంద్రనాథునకు సోదరుడు. కావున రవీంద్రుడు గగనేంద్రునకు పినతండ్రి వరుస. వయస్సున మాత్రము ఆరేండ్లే పెద్ద. తండ్రి గుణేంద్రనాథుడు 1881లో గతించునప్పటికి గగనేంద్రునకు పదునాలుగేండ్లైనను నిండలేదు. పాఠశాల చదువు ఎక్కువకాలము సాగలేదు. తల్లి సౌదామినీదేవి సంరక్షణమున పెరిగి, పెద్దకుమారుడగుటచే చిన్ననాడే సంసారభారమును వహించెను.

నలుబదియేండ్లకు చేరువగువరకు ఆయన చిత్రకారుడని లోకమెరుగదు. 1905లో ఆయన పెద్దకుమారుడు గేహేంద్రుడు నవయౌవనమున మరణించెను. ఆ దుఃఖముచే తండ్రి క్రుంగిపోయెను. ఇంటివారు ఆయన మనస్సు మరలించుటకై పురాణకథకులను, కీర్తనగాయకులను రావించిరి. దినదినమును పౌరాణికుడు కథ చెప్పుచుండగా, కీర్తనకారుడు పాడుచుండగా, గగనేంద్రుడు వినుచు కూర్చుండెడివాడు. వినుచు వినుచు కాగితము తీసికొని, ఎదుట నున్నవారి ముఖములను గీయుట కారంభించెను. ఆయన కళాజీవితము చిత్రశాలలో గాక సంగీతసభలో, శోకము నడుమ మొలకెత్తినదనుట అతిశయోక్తి కాదు.

ఆ కాలపు ధనికుల గృహములెట్లుండెడివో చెప్పవలెను. విక్టోరియా రాణి కాలపు ఆంగ్లేయుల పద్ధతి ననుసరించి, గదుల నిండ బరువైన కుర్చీలు, మెత్తని సోఫాలు, నిలువుటద్దములు, పాలరాతి బల్లలు, యూరపు తైలవర్ణ చిత్రములు క్రిక్కిరిసి యుండెడివి. ధోవతి గట్టి మఠము వేసికొని కూర్చుండు అలవాటుగల గృహస్థుడు తన యింటిలోనే పరాయివాడై కాళ్లు వ్రేలాడవేసికొని కూర్చుండవలసి వచ్చెడిది. ఠాకూరుల యిల్లును ఇందుకు భిన్నము కాదు.

20వ శతాబ్ది తొలి దశకములలో, స్వదేశీ యుద్యమము దేశమును కదలించిన దినములలో, ఈ సోదరులు తమ గదులలోని విదేశీయపు సామానును తొలగించివేసిరి. పూర్వులు సమకూర్చిన వైభవమును మనుమలే వలదనుట సామాన్యవిషయము కాదు. జపాను నుండి వచ్చిన ఒకాకురా, చిత్రకారుడు యొకొయామా తైకాన్, పిమ్మట ఆనందకుమారస్వామి మొదలగువారి సాంగత్యము ఈ మార్పునకు బలము చేకూర్చెను. దక్షిణదేశపు వడ్రంగి నొకనిని నియమించి, తాము గీసియిచ్చిన నమూనాల ప్రకారము ఎత్తు తక్కువైన ఆసనములను, బల్లలను చేయించిరి. దేశవాళీ చాపలు, నేతగుడ్డలు గదిలోనికి వచ్చెను. గోడలపై రాజపుత్ర, మొగలు చిత్రములు వెలసెను. అవసరము లేనిది లేకపోవుటయే ఆ గది సొగసు. కలకత్తాలోని విద్యావంతులు క్రమముగా ఆ పద్ధతి ననుకరించిరి. 1916లో గవర్నరు కార్మైకేలు ప్రభువు ప్రోత్సాహమున వెలసిన వంగదేశ గృహపరిశ్రమల సంఘమునకును గగనేంద్రుడు తోడ్పడెను.

ఈ మార్పునకు సంగీతముతో సంబంధమేమి యని అడుగవచ్చును. తంబురా, ఎస్రాజు మొదలగు మన వాద్యములు నేలపై కూర్చుండి వాయించుటకు నిర్మింపబడినవి. శ్రోతలు ఎత్తైన సోఫాలపై నుండి గాయకుడు క్రిందనున్నచో అది సభ కాదు, కొలువు. అందరును ఒకే మట్టమున కూర్చున్నప్పుడే పాడువాడును వినువాడును ఒకటగుదురు. అవనీంద్రుడు స్వయముగా ఎస్రాజు వాయించెడివాడు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి పాటలను గ్రామఫోను కంపెనీవారు ముద్రించిరి; 1908లో సియాల్దాలో రికార్డుల కర్మాగారము వెలసెను. గ్రామఫోను పెట్టె ధనికుల గదులలో మరియొక అలంకారవస్తువైనది. అదే కాలమున గగనేంద్రుడు గదిని ఖాళీచేసి పాటకు చోటు కల్పించెను. రికార్డు స్వరమును దాచును. ఆయన నల్లసిరా చిత్రములు ఆ స్వరమును విన్నవారి తన్మయత్వమును దాచినవి.

ఇదే నియమమును ఆయన రంగస్థలమునకును అన్వయించెను. ఠాకూరుల యింట నెలకొన్న విచిత్రా సమాజమువారు 1917లో రవీంద్రుని డాక్‌ఘర్ నాటకమును ప్రదర్శించిరి. చిత్రించిన తెరలకు బదులుగా వేదికపై గడ్డికప్పు గల చిన్న గుడిసెను నిలిపిరి. గగనేంద్రుడు, అవనీంద్రుడు, రవీంద్రుడు ముగ్గురును అందులో పాత్రలు ధరించిరి. అవనీంద్రుడు తుదిమెరుగుగా అచట పక్షి లేని ఒక ఇత్తడి కమ్మీని వ్రేలాడదీయించెను. ఎగిరిపోయిన పిట్టను ఆ వట్టి కమ్మీయే స్ఫురింపజేసెను. ఆ సంవత్సరాంతమున కాంగ్రెసు మహాసభకు వచ్చిన గాంధీ, తిలక్, మాలవీయ, అనిబిసెంటు ప్రభృతులు ఆ నాటకమును చూచిరి.

1907లో సోదరులు తోడ్పడి స్థాపించిన ప్రాచ్యకళాసంఘము 1922 డిసెంబరులో జర్మనీలోని వైమారునందలి బౌహౌస్ కళాశాలకు చెందిన పాల్ క్లే, కాండిన్‌స్కీ మొదలగువారి చిత్రములను కలకత్తాలో ప్రదర్శించెను. గగనేంద్రుని చిత్రములును ఆ ప్రదర్శనమున నుండెను. అప్పటికే ఆయన వెలుగునీడలను ముక్కలుగా కోసి అమర్చినట్లుండు క్యూబిస్టు రీతిని చేపట్టియుండెను. ఆ బౌహౌసునకు చెందిన మార్సెల్ బ్రాయరు ఉక్కుగొట్టముల కుర్చీని నిర్మించి, లోకమునకు నిరాడంబరమైన గృహోపకరణముల మార్గము చూపినది 1925లో. జర్మనులు యంత్రయుగమునకు తగిన ఆసనమును వెదకిరి. జోడాసాంకో సోదరులు తమ దేశపు మనిషి కూర్చుండు తీరునకు తగిన ఆసనమును వెదకిరి. దారులు వేరైనను, అనావశ్యకమును త్యజించుటలో ఇరువురును ఏకీభవించిరి.

ఆ వసారాలో ఆరంభమైన నూతనచైతన్యము తెలుగుదేశమును కూడ తాకెను. అవనీంద్రుని శిష్యుడు ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే.

గగనేంద్రుని కడపటి దినములు కరుణారసభరితములు. 1930లో పక్షవాతము సోకి, ఆయన మాట పోయెను. కుంచె పట్టిన చేయి పనిచేయదయ్యెను. వ్యంగ్యచిత్రములతో లంచగొండులను, ఆడంబరపరులను నవ్వులపాలు చేసినవాడు, ఇల్లంతయు పాటతోను నాటకముతోను నింపినవాడు, ఎనిమిదేండ్లు మౌనముగా గడిపి 1938 ఫిబ్రవరి 14వ తేదీన పరమపదించెను. సోదరులు ప్రీతితో సేకరించిన ప్రాచీన చిత్రముల నిధి అహమ్మదాబాదులోని కస్తూరిభాయి లాల్‌భాయి వశమైనది. 1941లో అవనీంద్రుడును ఆ యిల్లు విడిచెను. తరువాత ఆ భవనము అన్యాక్రాంతమై కూల్చివేయబడినది.

ఇల్లు పోయినను, ఆ యింటినుండి వెలువడిన పాఠము పోలేదు. గృహస్థునకు సంపద వస్తువుల సంఖ్యలో లేదు. వచ్చిన నలుగురును సమముగా కూర్చుండి ఒక పాట వినుటకు చాలినంత చోటు మిగుల్చుకొనుటలో ఉన్నది. జోడాసాంకో వెళ్లినవారు 6వ నంబరు భవనమును చూచిన పిమ్మట, ప్రక్కన ఆ యిల్లుండిన స్థలమువైపు కూడ ఒకమారు చూచి నమస్కరించుట ఉచితము.