వాన లెక్క అడిగిన విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారు. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజు. ఆయన పుట్టింది కన్నడదేశంలోని ముద్దెనహళ్ళిలో. పూర్వీకులది మాత్రం మన గిద్దలూరు వైపున్న మోక్షగుండం. చిన్ననాడే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువుకున్నారు. పూనాలో ఇంజనీరింగ్ ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

ఆ జీవితమంతా చెప్పడానికి ఈ కాస్త చోటు చాలదు. ఒక్క హైదరాబాదు సంగతి చెప్పుకుందాం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరం మీద పడింది. సుమారు 15 వేలమంది చనిపోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారికి కబురంపింది. 1909 ఏప్రిల్‌లో ఆయన పని చేపట్టారు.

వరద వచ్చిన ఊళ్ళో ఎవరైనా ముందు గోడల గురించి ఆలోచిస్తారు. ఆయన వాన లెక్కలు అడిగారు. రాజ్యంలో అవి సరిగా లేవు. పక్కనున్న మద్రాసు, బొంబాయి ప్రాంతాల వర్షపాతం వివరాలు తెప్పించి పోల్చి చూశారు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. నదిలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు వచ్చిందని అంచనా కట్టారు. అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది చెరువుల లెక్క. మూసీకి నీరు చేరే ప్రాంతంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు గండి నీరు కింది చెరువు మీద పడి, అదీ తెగి, అలా అంతా కలిసి నగరానికి చేరింది.

మన చీడికాడ వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బొడ్డేరు మీద కోనాం జలాశయం ఉంది కనుక అక్కడి నీటిమట్టం రోజూ చూసేవారున్నారు. ఊరి చిన్న చెరువు మాటేమిటి? ఏ ఏడు ఎక్కడ గండి పడిందో, ఎన్ని ఎకరాలు ఇసుక మేట వేసిందో చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళ నోటనే ఉంటుంది. వాళ్ళతోపాటే పోతుంది. ఒక నోటుపుస్తకం, ఓపికున్న కుర్రాడు ఒకడు ఉంటే చాలు కదా!

1909 అక్టోబరుకల్లా ఆయన నివేదిక ఇచ్చారు. నగరానికి పైన రెండు జలాశయాలు కట్టాలన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్ళూ ఇచ్చాయి. తర్వాత నగరం పెరిగి చాలా చెరువులు ఇళ్ళస్థలాలయ్యాయి. 2020 అక్టోబరు వానకు పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి.

విశ్వేశ్వరయ్యగారు 1912 నుంచి 1918 వరకు మైసూరు దివాను. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్ళు దాటి బ్రతికి, 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. సమాధి ముద్దెనహళ్ళిలోనే ఉంది.