ముందు గీత, తర్వాత ఫొటో

ఎనిమిదో తరగతిలో ఉండగా బాలల దినోత్సవం చిత్రలేఖనం పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. నెహ్రూ బొమ్మ. ఇంటి దగ్గర వేసి తేవచ్చు గానీ సొంతంగా వేయాలన్నది నియమం. నేను పేపర్లో వచ్చిన ఫొటో కింద కార్బన్ కాగితం పెట్టి దించేశాను. ఈ సంగతి మన సంఘం స్వర్ణోత్సవ సంచికలోనే మొదటిసారి చెబుతున్నాను. డ్రాయింగు మాస్టారు మాత్రం కనిపెట్టారనుకుంటాను. మర్నాడు నన్ను పిలిచి, అదే నెహ్రూ వంగి ఒక పాపతో మాట్లాడుతున్నట్టు వేయమన్నారు. నా చేయి కదల్లేదు. ఆయన ఏమీ అనలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఫొటో చూసి బొమ్మ వేయడమే దొంగతనమని అప్పట్నించీ నా మనసులో ఉండిపోయింది. ఇంజనీరునయ్యాక, అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ జీవితం చదివినప్పుడు గానీ నా తప్పు అసలు ఎక్కడుందో తెలియలేదు.

రాక్‌వెల్ 1894లో న్యూయార్క్‌లో పుట్టారు. హైస్కూలు చదువు మధ్యలోనే ఆపి చిత్రకళ నేర్చుకున్నారు. 22 ఏళ్ళకే, 1916 మేలో, ‘శాటర్‌డే ఈవినింగ్ పోస్ట్’ పత్రికకు తొలి ముఖచిత్రం వేశారు. 47 ఏళ్ళలో ఆ ఒక్క పత్రికకే 300కు పైగా వేశారు.

మొదట్లో మనుషుల్ని ఎదురుగా నిలబెట్టి వేసేవారు. పిల్లలు కుదురుగా ఉండరు కదా! బల్ల మీద నాణేల దొంతి పెట్టి, కాసేపు కదలకుండా ఉంటే కొన్ని వాళ్ళ వైపు జరిపేవారు. కానీ పగలబడి నవ్వే మనిషి గంటల తరబడి అలాగే నవ్వలేడు. 1930ల మధ్యలో ఆయన ఫొటోలు వాడటం మొదలుపెట్టారు. తోటి చిత్రకారుల్లో కొందరికి అది నచ్చలేదు. మొదట్లో ఆయనకూ తప్పు చేస్తున్నట్టే ఉండేదట.

అయితే ఆయన పద్ధతిలో ఫొటో మొదటి మెట్టు కాదు. ముందు ఆలోచన, దాని వెంట చిన్న కాగితం మీద పెన్సిలు గీతలు. ఎవరెక్కడ నిలబడాలి, ఎటు చూడాలి అన్నది అక్కడే తేలాలి. తర్వాత ఇరుగుపొరుగువారిని పిలిచి, బట్టలూ సామానూ సమకూర్చి, కావలసిన హావభావం తానే నటించి చూపేవారు. కెమెరా నొక్కడానికి వేరే ఫొటోగ్రాఫరు ఉండేవారు. ఒక్క బొమ్మకు ఎన్నో ఫొటోలు. ఒకదాంట్లోంచి తల, మరోదాంట్లోంచి చేయి. వాటిని బట్టి ముందు బొగ్గుతో అసలు సైజు బొమ్మ, తర్వాత చిన్న రంగుల నమూనా, చివరికి కాన్వాసు. ప్రొజెక్టరుతో ఫొటోను కాగితం మీద పడేసి గీతలు దించుకునేవారు కూడా. నేను చేసిందీ దించడమే. కానీ ఆయన తన చిత్తుబొమ్మకు కావలసింది దించుకున్నారు. నాకు చిత్తుబొమ్మే లేదు.

1943లో అచ్చయిన ‘వాక్ స్వాతంత్ర్యం’ బొమ్మ చూడండి. ఊరి సభలో ఒక పొరుగాయన ఒంటరిగా లేచి తన అభ్యంతరం చెప్పడం, మిగతావారు విన్నారన్నదే దానికి మూలం. మొదట చుట్టూ జనంతో వేశారు. కుదరక మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టి, చివరికి కింద నుంచి పైకి చూస్తున్నట్టు వేస్తే ఆ మనిషి నిలబడ్డాడు. ఆ ఏడాదే స్టూడియో కాలిపోయింది. మళ్ళీ కట్టుకున్నారు.

1963 జనవరిలో ఆయన వేసిన నెహ్రూ చిత్రం ‘పోస్ట్’ ముఖచిత్రంగా వచ్చింది. ఆ ఏడాదితో ఆ పత్రిక వదిలేశారు. 1964లో ‘లుక్’ పత్రికకు వేసిన బొమ్మ నాకు అన్నింటికంటే ఇష్టం. 1960 నవంబరు 14న, అంటే మన బాలల దినోత్సవం నాడే, న్యూ ఆర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ళ నల్లజాతి పాప అంతవరకూ తెల్లపిల్లలే చదివిన బడిలో మార్షళ్ళ కాపలా మధ్య అడుగుపెట్టింది. ఈ బొమ్మకు ఆయన తన ఊరి పాపను పిలిచి, నడుస్తున్న భంగిమ నిలవడానికి పాదాల కింద చెక్కముక్కలు పెట్టి ఫొటోలు తీయించారు. బొమ్మలో మార్షళ్ళ తలలు లేవు, భుజాల దగ్గరే ఆగిపోతారు. గోడ మీద విసిరిన టమాటా మరక. తెల్ల గౌనులో పాప మాత్రం పూర్తిగా కనిపిస్తుంది. తలలు వదిలేయమని ఏ కెమెరా చెబుతుంది?

రాక్‌వెల్ 1978 నవంబరులో, 84వ ఏట కన్నుమూశారు. స్టాక్‌బ్రిడ్జ్‌లోని ఆయన మ్యూజియంలో బొమ్మలతోపాటు ఆ ఫొటోలనూ భద్రపరిచారు. దాచుకోవలసిన తప్పేమీ అందులో లేదు.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీర్లు సైటు ఫొటోలు తెరిచే ముందు, వంతెన ఎలా ఉండాలో పెన్సిలుతో గీసి చూపమంటాను. మాస్టారు అడిగిన బొమ్మ కూడా మొన్ననే పూర్తిచేశాను. ముందు చిత్తుగా గీసి, తర్వాత మా పక్కింటి పెద్దాయన్ని వంగమని ఫొటో తీసుకున్నాను. నెహ్రూ చేయి నాలుగుసార్లు చెరిపాను. చూడటానికి మాస్టారు లేరు. బొమ్మనూ, ఫొటోనూ, చిత్తుకాగితాలనూ కలిపి స్వర్ణోత్సవం రోజున బడికి ఇస్తున్నాను.