యంత్రముల నాడి నెరిగిన సర్ చార్లెస్ పార్సన్సు గారు

మంచి వైద్యుడు రోగి గదిలో నడుగు పెట్టిన వెంటనే మందు వ్రాయడు. ముందుగా చేయి పట్టి నాడి చూచును. రొమ్ముపై గొట్టము పెట్టి వినును. బాధ ఎక్కడనో, ఎప్పటినుండియో అడిగి తెలిసికొనును. అటుపిమ్మట గాని ఇది ఫలాని రోగమని చెప్పడు. తిరుగు యంత్రములకును ఒక నాడి కలదు. అది వాటి అదురు. మన యూళ్లలో వడ్లమర నడుపువాడు మర మోతలో రవ్వంత తేడా వినబడగానే పని ఆపి, చెవి యొగ్గి, బేరింగుపై చేయి పెట్టి చూచుట మీలో పెక్కురు చూచియే యుందురు. ఈ నాడిపరీక్ష నేడు గొప్ప శాస్త్రమైనది. అంతకుముందెన్నడు లేని వేగముతో తిరుగు యంత్రమును నిర్మించి, దాని అదురుతోను దాని దోషములతోను జీవితమంతయు పోరాడిన పార్సన్సు గారి చరిత్రమును మా విద్యార్థులకు చెప్ప నుద్దేశించితిమి.

చార్లెస్ ఆల్జర్నన్ పార్సన్సు గారు 1854వ సంవత్సరము జూను 13వ తేదీన లండను నగరమున జన్మించిరి. వీరి తండ్రి రాస్ ప్రభువు. ఐర్లండులోని బర్ అను పట్టణమున ఆయనకు కోట కలదు. ఆ కోట తోటలో ఆయన ఆరడుగుల అద్దము గల దూరదర్శినిని 1845లో సిద్ధపరచిరి. అంతటి పెద్ద దూరదర్శిని ఆ కాలమున లోకమున మరియొకటి లేదు. చార్లెసు గారు బడికి పోలేదు. ఈ మాట విని మా పిల్లలు సంతోషింప పనిలేదు. ఇంటికి వచ్చి ఆయనకు పాఠములు చెప్పినవారు ఖగోళశాస్త్ర పండితులు! పాఠములు కాగానే బాలుడు తండ్రిగారి కార్ఖానాలో కొలిమియొద్దను, ఆకురాయియొద్దను కాలము గడుపుచుండెను.

ఆ యింట నొక దుఃఖము కలిగెను. అన్నదమ్ములు ఆవిరితో నడుచు బండి నొకదానిని చేసిరి. 1869 ఆగష్టు 31వ తేదీన వారితోపాటు ఆ బండి నెక్కిన బంధువురాలు మేరీ వార్డు గారు మలుపునొద్ద కుదుపునకు క్రింద పడి, చక్రము పైబడి మరణించిరి. ఆమె సూక్ష్మదర్శినినిగూర్చి గ్రంథములు వ్రాసిన విదుషీమణి. అప్పటికి చార్లెసు గారికి 15 ఏండ్లు. యంత్రము ఆటవస్తువు కాదనియు, ఒక్క కుదుపునకు నిండు ప్రాణము పోవుననియు తెలియుటకు ఇంతకంటె కఠినమైన పాఠము వేరొకటి యుండదు.

తరువాత వీరు డబ్లిను నగరమునను, కేంబ్రిడ్జియందును చదివి, 1877లో గణితపరీక్షయందు పదునొకండవ స్థానమున కృతార్థులైరి. ప్రభువు కుమారుడు, పట్టభద్రుడు. దొరతనమువారి కొలువు కోరిన దొరకకపోదు. కాని వీరు న్యూకాసిల్ పట్టణమున ఆర్మ్‌స్ట్రాంగు గారి కార్ఖానాలో శిష్యుడుగా చేరి, పనివారితోపాటు చేతులకు మసి పూసికొని పని నేర్చిరి. చదివినవాడు సుత్తి పట్టరాదను భ్రమ మనలో నింకను పోలేదు కనుక ఈ సంగతి ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

1884లో వీరు తమ మొదటి ఆవిరి టర్బైనును నిర్మించిరి. పాత ఆవిరి యంత్రమున ముషలకము ముందునకు వెనుకకు ఆడును. టర్బైనునందట్లు కాదు, ఆవిరి వరుస వరుసలుగా నమర్చిన రెక్కలపై కొట్టి ఇరుసును గిరగిర త్రిప్పును. ఆ మొదటి యంత్రము నిమిషమునకు 18,000 చుట్లు తిరిగెను. ఇక్కడనే చిక్కు వచ్చినది. తిరుగు వస్తువులో ఒకప్రక్క ఇసుమంత బరువు హెచ్చినను అది ఇరుసును తనవైపు లాగును. వేగము రెట్టింపైన ఈ లాగుడు నాలుగురెట్లగును. ఇరుసునకు 10 సెంటీమీటర్ల దూరమున ఒక్క గ్రాము బరువు హెచ్చుగా నున్నదనుకొనుడు. నిమిషమునకు 3,000 చుట్లయందు అది దాదాపు ఒక కిలోగ్రాము బరువంత బలముతో లాగును. 18,000 చుట్లయందైన 36 కిలోగ్రాముల బలమగును. అదియు క్షణక్షణమున దిక్కు మార్చుచు! సైకిలును తలక్రిందులుగా నిలిపి, వెనుక చక్రపు పుల్ల కొక చిన్న నట్టు కట్టి త్రిప్పి చూడుడు; సైకిలంతయు ఎట్లు వణకునో మీకే తెలియును.

ఎంత నేర్పరియైనను ఇరుసును సంపూర్ణముగా సమతూకముగా చేయజాలడు. కనుక పార్సన్సు గారు దానిని బలవంతముగా బిగించి పట్టుకొనలేదు. బేరింగుచుట్టును పలుచని లోహపు బిళ్లలను వరుసగా పేర్చి, వాటిని స్ప్రింగుతో నొత్తిపెట్టి, నూనె పోయించిరి. ఇరుసు కొంచెము కదలి తన నిజమైన కేంద్రమును తానే వెదకికొనును. బిళ్లల రాపిడి ఆ అదురును మ్రింగివేయును. అల్లరి పిల్లవానిని కట్టివేయుటకంటె హద్దులలో కొంత స్వేచ్ఛ నిచ్చి దారికి తెచ్చుట మేలని ఉపాధ్యాయులమైన మేమును ఎరుగుదుము.

1889లో భాగస్థులతో పొందిక చెడి వీరు ఆ సంస్థను విడిచిరి. విడిచినప్పుడు తమ టర్బైను పేటెంటు హక్కులును అక్కడనే నిలిచిపోయెను. తాను కనిపెట్టిన దానిని తానే వాడుకొనరాని గతి! హీటన్ అను చోట స్వంత కార్ఖానా పెట్టి, ఆవిరి మరియొక మార్గమున పోవు టర్బైనులను చేయుచు అయిదేండ్లు ఓర్చుకొనిరి. 1894లో పాత హక్కులు మరల చేజిక్కెను.

ఆ యేటనే వీరి గొప్ప పరీక్ష మొదలైనది. టర్బైనుతో ఓడ నడుపవచ్చునని చూపుటకు, నూరడుగులు మించిన పొడవును, 9 అడుగుల వెడల్పును గల టర్బీనియా అను చిన్న ఓడను కట్టించిరి. స్నేహితులు నమ్మి పెట్టిన ధనము అందున్నది. ఓడ నీటిలో దిగినది. కాని అనుకొన్న వేగము రాలేదు. ఒక ప్రొపెల్లరు తీసి మరియొకటి పెట్టిరి; దాని నెడలించి వేరొకటి పెట్టిరి. ఫలము లేదు. కొత్త యంత్రము గనుక టర్బైనే పనికిరానిదని ఎవరికైనను తోచును.

పార్సన్సు గారు ఊహతో తీర్పు చెప్పలేదు. టర్బైను ఇరుసు నెంత బలముతో త్రిప్పుచున్నదో కొలుచుటకు స్ప్రింగులు గల పరికరము నొకదానిని చేసి, టర్బైనునకును ప్రొపెల్లరునకును నడుమ అమర్చిరి. కొలువగా టర్బైను తన పని తాను సరిగానే చేయుచున్నదని తేలెను. దోషము ఇవతల లేదు. అవతల, నీటిలో నున్నది. అది యేదియో చూచుటకు 1895లో నీరు నింపిన చిన్న తొట్టిలో రెండంగుళముల ప్రొపెల్లరును త్రిప్పి, తిరుగు అద్దముచే దీపకాంతిని మెరుపులు మెరుపులుగా దానిపై వేసిరి. వేగముగా తిరుగు రెక్కలు ఆ మెరుపులలో నిలిచినట్లే కనబడెను. వాటి వెనుక నీరు చీలి బోలుగుంటలు పడుటయు కనబడెను. ప్రొపెల్లరు నీటిని గాక శూన్యమును త్రోయుచున్నది! రోగము తెలిసిన పిదప మందు దొరకెను. ఒక్క ఇరుసునకు బదులు మూడు ఇరుసులు, ఒక్కొక్కదానికి మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు పెట్టిరి. ఓడ గంటకు 34 నాట్లకు మించి, అనగా సుమారు 64 కిలోమీటర్ల వేగమున పరుగెత్తెను. 1897 జూను 26వ తేదీన విక్టోరియా రాణిగారి జూబిలీ సందర్భమున స్పిట్‌హెడ్ వద్ద బారులు తీరిన యుద్ధనౌకల నడుమ టర్బీనియా దూసికొనిపోవగా లోకము నివ్వెరపోయెను.

కాని కష్టములు తీరలేదు. 1901లో టర్బైనులు గల వైపర్ అను యుద్ధనౌక మంచులో దారి కానక రాళ్లపై కెక్కి నాశనమయ్యెను. ఆ సెప్టెంబరు 18వ తేదీన కోబ్రా అను రెండవ నౌక సముద్రమధ్యమున రెండుగా విరిగి 67 మంది మరణించిరి. వారిలో పార్సన్సు గారి సొంత పనివారును ఉండిరి. విచారణలో ఓడ కట్టుబడి బలహీనమని తేలెను గాని టర్బైనుపై దోషము రాలేదు. తాళలేని దుఃఖములో సహితము నిందను విడిచి కారణమును వెదకుట ఎంత యవసరమో ఇందువలన తెలియును. 1906లో డ్రెడ్‌నాట్ యుద్ధనౌకకును, 1907లో మారిటేనియా మహానౌకకును వీరి టర్బైనులే అమరెను.

పిమ్మట టర్బైను వేగమును తగ్గించి ప్రొపెల్లరునకు అందించుటకు పళ్లచక్రములు కావలసివచ్చెను. వెస్పేసియన్ అను పాత సరకుల ఓడను కొని, అందు వాటిని పరీక్షించి చూచిరి. పళ్లచక్రములతో వచ్చిన చిక్కు వాటి రొద. పళ్లు కోయు యంత్రమునకే చిన్న లోపములున్న, ఆ లోపములు ప్రతి చక్రముమీదను ఒకేచోట వరుసగా ముద్ర పడును. అవి కలిసినప్పుడెల్ల చక్రము ఊళ వేయును. గురువు తప్పు శిష్యులందరికి అంటినట్లన్నమాట. పార్సన్సు గారు పళ్లు కోయు బల్ల మెల్లగా జరుగునట్లు చేసి ఆ లోపములను చక్రమంతట పలుచగా చల్లివేసిరి. రొద చాలవరకు అణగెను.

నేడు కొత్తగూడెము, రామగుండము, విజయవాడ మున్నగు చోట్ల విద్యుత్తును పుట్టించునవి ఆవిరి టర్బైనులే. అవి నిమిషమునకు 3,000 చుట్లు, అనగా సెకనునకు 50 చుట్లు తిరుగును. ఇట్టి యంత్రముల బేరింగులకు అదురును కొలుచు పరికరములు అంటియుండి రాత్రింబగళ్లు నాడి చూచుచుండును. చుట్టున కొకసారి అదరుట హెచ్చైన సమతూకము తప్పినదేమో యని చూతురు. రెండుసారులైన రెండు ఇరుసులు తిన్నని వరుసలో లేవేమో యని శంకింతురు. పళ్లెన్నియో అన్నిసారులైన పళ్లచక్రమును పరీక్షింతురు. అదురు దినదినము పెరుగుచున్న, విరుగుటకు ముందే ఆపి బాగుచేయుదురు. ఇందువలన ధనము మాత్రమే గాక ప్రాణములును దక్కుచున్నవి.

పార్సన్సు గారి ఏకైక కుమారుడు 1918లో యుద్ధమున హతుడయ్యెను. కుమార్తె రేచెల్ గారు యంత్రశాస్త్రము నభ్యసించి, తల్లి కేథరిన్ గారితో కూడ 1919లో స్త్రీల ఇంజనీరింగు సంఘమును స్థాపించినవారిలో నొకరైరి. మా బాలికలు ఈ సంగతి గమనింతురు గాక. 1911లో సర్ బిరుదమును, 1927లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవమును పొందిన పార్సన్సు గారు 1931 ఫిబ్రవరి 11వ తేదీన జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ రేవులో, ఓడపైననే తుదిశ్వాస విడిచిరి.

ప్రియ విద్యార్థులారా, లెక్క తప్పినప్పుడు పుస్తకమును, పరీక్ష తప్పినప్పుడు ఉపాధ్యాయుని, ఇంట చిక్కు వచ్చినప్పుడు తోబుట్టువును నిందించుట సులభము. ఇవతలనో అవతలనో కొలిచి చూచి, దోషమున్న చోటనే చేయి పెట్టుట కష్టము. పార్సన్సు గారు ఆ కష్టమైన త్రోవ త్రొక్కిరి. మీలో యంత్రశాలలకు పోవువారును, పోనివారును ఆ త్రోవను మరువకుందురు గాక యని మేము కోరుచున్నాము.