లియొనార్డో డా వించియు, తనంతట నడచు బండియు

గుఱ్ఱము లేక, ఎద్దు లేక, మనుష్యుడు త్రోయకయే నడచు బండిని చూచి నేడెవ్వరును వింతపడరు. కాని ఐదువందల సంవత్సరములకు పూర్వమే అట్టి బండిని తలపోసి, దాని యంగములను కాగితముపై గీచిన మహనీయుడొకడు ఇటలీ దేశమున నుండెను. అతడే లియొనార్డో డా వించి. లోక మతనిని చిత్రకారుడుగా నెఱుగును. మోనా లీసా చిత్రమును కన్నులార చూడనివారు సహితము దాని పేరు వినియే యుందురు. అతనిలోని యంత్రకారుని నెఱిగినవారు మాత్రము కొలదిమందియే. ఆ రెండవ లియొనార్డోను గుఱించియే మేమిచ్చట ముఖ్యముగా చెప్పదలచితిమి.

లియొనార్డో 1452వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన, ఫ్లారెన్సు నగరమునకు పడమట నున్న వించి యను గ్రామప్రాంతమున జన్మించెను. తండ్రి సెర్ పియెరో దస్తావేజులు వ్రాయు నోటరీ. తల్లి కతెరీనా సామాన్య స్త్రీ. వారిరువురకును వివాహము కాలేదు. అందువలన తండ్రి వృత్తి యతనికి దక్కలేదు. ఆనాటి పండితుల భాషయైన లాటినును క్రమముగా నేర్చు భాగ్యమును కలుగలేదు. పుస్తకములు చెప్పని పాఠములను అతడు కన్నులతో చూచియు, చేతులతో చేసియు నేర్చుకొనెను.

బాల్యము గడచిన పిమ్మట అతడు ఫ్లారెన్సులో వెరోకియో యను శిల్పాచార్యుని కర్మశాలలో శిష్యుడుగా చేరెను. అచ్చట చిత్రలేఖనముతోపాటు లోహపు పనియు జరుగుచుండెను. 1471లో ఆ కర్మశాలవారు చేసిన గొప్ప రాగిగోళమును పట్టణపు ప్రధాన దేవాలయ శిఖరముపై నిలిపిరి. అంతటి బరువును అంతటి యెత్తునకు చేర్చిన యంత్రములను మన శిష్యుడు శ్రద్ధతో పరికించి చిత్రించుకొనెను. కప్పీలును, పళ్లచక్రములును, త్రాళ్లును నాటినుండియు అతని బుద్ధిలో నాటుకొనిపోయెను.

1478వ సంవత్సర ప్రాంతమున, ఇంచుమించు ఇరువదియాఱేండ్ల వయస్సున, అతడొక కాగితముపై మూడుచక్రముల బండిని గీచెను. దానిలో మనుష్యుడు కూర్చుండుటకు పీట లేదు. అది యుత్సవములలోను, నాటకరంగముమీదను ప్రేక్షకుల నాశ్చర్యపఱచుటకై యుద్దేశింపబడినదని పండితుల యభిప్రాయము. బండి కడుపులో రెండు గుండ్రని డోళ్లు కలవు. ఒక్కొక్క దానిలో గడియారపు స్ప్రింగువంటి చుట్టుడు స్ప్రింగు దాగియుండును. చక్రములను వెనుకకు త్రిప్పినచో స్ప్రింగులు బిగియును. విడిచినచో బండి ముందునకు సాగును. నేడు పిల్లలు నేలపై వెనుకకు లాగి విడిచెడి బొమ్మకారు నడచుటయు నిట్లే గదా!

చదువరులారా, స్ప్రింగు బండిని చేయువానికి ఎదురగు చిక్కును కొంచెము వివరింతుము. స్ప్రింగునందు మనము బిగించి దాచినంత శక్తియే యుండును. అంతకుమించి బండికి చిక్కదు. ఆ కొలది శక్తిని ఒక్కసారిగా విడిచినచో బండి మొదట దుమికి, చక్రములు జారి, కొంతసేపటికే నిలిచిపోవును. మెల్లమెల్లగా విడిచినచో దూరము పోవును గాని వేగము తగ్గును. ఇంతేకాక, బిగిసిన స్ప్రింగు మొదట బలముగా లాగును. విప్పుకొనినకొలది దాని బలము క్షీణించును. కావున వేగమును దూరమును రెండును కోరువాడు శక్తిని సమముగా పంచిపెట్టు నుపాయమును వెదకవలెను. లియొనార్డో తన బండిమీద విల్లువలె వంగు రెండు బద్దల నమర్చెను. అవి పళ్లచక్రముల నొక్కొక్క పన్నుగా ఆపుచు విడుచుచు, లోపలి స్ప్రింగు ఒక్కుమ్మడిగా విప్పుకొనకుండ కాచును.

తరువాతి కాలమున అతడు ఈ విషయమును ఇంకను లోతుగా విచారించెను. స్ప్రింగు బలముగా నున్నప్పుడు సన్నని భాగమునను, బలము తగ్గినప్పుడు వెడల్పు భాగమునను పనిచేయునట్టి, శంఖమువలె చుట్టుకొనిన చక్రములను చిత్రించెను. ఇరుసునొద్ద రాపిడి శక్తిని మ్రింగివేయునని గ్రహించి, దానిని కొలిచిచూచెను. బరువు రెట్టింపైన రాపిడియు రెట్టింపగుననియు, తాకెడి వైశాల్యము పెరిగినంతమాత్రమున రాపిడి పెరుగదనియు 1493 ప్రాంతముననే వ్రాసికొనెను. బండి తేలికగా నుండవలెననియు, ఇరుసు నునుపై నూనె తగిలి యుండవలెననియు బొమ్మబండ్లు చేయు బాలురు నేడు నేర్చుకొనుటకు మూలమైన న్యాయమిదియే.

1482 ప్రాంతమున అతడు మిలాను చేరి, ప్రభువైన లుడొవీకో స్ఫోర్జా కొలువున అనేక సంవత్సరములుండెను. 1499లో ఫ్రెంచివారు ఆ నగరమును పట్టుకొనగా పలుతావులు తిరిగెను. కడపట ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాంసిస్ ఆదరణమున అంబ్వాజు పట్టణము చేరి, 1519 మే 2వ తేదీన, అఱువదియేడేండ్ల వయస్సున మృతినొందెను.

వేలకొలది పుటలు వ్రాసియు, అతడు తన యంత్రశాస్త్రమును గ్రంథముగా ప్రకటింపలేదు. ఆ వ్రాతయు కుడినుండి యెడమకు, అద్దములో చూచి చదువవలసినట్లుండెను. కాగితములు ప్రియశిష్యుడైన మెల్జీకి చేరి, అతని యనంతరమున చెల్లాచెదరయ్యెను. బండి చిత్రమున్న సంపుటము మిలానులోని అంబ్రోజియానా గ్రంథాలయము చేరెను. స్ప్రింగులను, చక్రములను గుఱించిన మఱియొక వ్రాతపుస్తకము మాడ్రిడు గ్రంథాలయమున మఱుగుపడి, 1960 తరువాతగాని బయటపడలేదు. ఈలోపల రాపిడి న్యాయములను ఫ్రాన్సు దేశపు అమొంతోను స్వయముగా కనుగొని 1699లో ప్రకటించెను. తన్ను మించిన వాడొకడు ముందే ఆ త్రోవను నడచియుండెనని అతడెట్లెఱుగును? రెండువందల యేండ్ల కాలము లోకమునకు నష్టమయ్యెను.

బండి కథయు నట్టిదే. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున కొందఱు చిత్రమునుబట్టి నమూనాలు చేసిరి, అవి నడువలేదు. పైకి కనబడు బద్దలే బండిని నడుపునని వారు తలచిరి. అసలు బలము క్రింది డోళ్లలో దాగియున్నదని 1975లో కార్లో పెడ్రెట్టి యను పండితుడు సూచించెను. పిమ్మట ఫ్లారెన్సు శాస్త్రచరిత్ర సంగ్రహాలయమువారు 2004లో దానిని నిర్మించిరి. పూర్తి పరిమాణపు బండి దేనినైన ఢీకొనునను భయమున, మూడవవంతు పరిమాణపు నమూనానే నడపి చూచిరి. అది నిజముగా నడచెను!

విద్యార్థులారా, లియొనార్డో బుద్ధిబలమునకు కొఱత లేదు. కాని బిగించిన స్ప్రింగు విడువబడనంతవఱకు బండి కదలదు. మీరొక చిన్న బండిని చేసినను, ఒక చిన్న సంగతిని కనిపెట్టినను, దానిని చక్కగా వ్రాసి పదుగురికి తెలుపుడు. మీ తోడివాడు మీరాగినచోటినుండి ముందునకు సాగును.