కలమునకు సంకెల: గాడిచర్ల హరిసర్వోత్తమరావు జీవితము

హంద్రీ తుంగభద్రలు కలియుచోట వెలసిన కర్నూలు నగరమున 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు జన్మించిరి. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. వారి పూర్వులు కడప జిల్లాలోని సింహాద్రిపురమువారు. కావున కర్నూలు, కడప మండలములు రెండును ఆయనను తమవానినిగా చెప్పుకొనుటలో వింత లేదు. ఆయన పుట్టుటకు ఐదారేండ్లకు ముందే 1876-78 నాటి మహాక్షామము ఈ సీమను పీల్చి పిప్పిచేసినది. పల్లెలలో వృద్ధులు ధాత కరవని పేరెత్తినంతనే నిట్టూర్చెడి కాలమది. అట్టి మెట్టసీమలో, కలిమి లేని కుటుంబమున పుట్టిన బాలునకు చదువొక్కటే ఆస్తి. కర్నూలు, గుత్తి, నంద్యాల పట్టణములలో చదివి, విద్యార్థి వేతనములనే ఆధారముగ చేసికొని, ఆయన మద్రాసు చేరి 1906లో ఎం.ఏ. పట్టమును పొందిరి. ఆ దినములలో ఆ పట్టము చేత నున్నవానికి ప్రభుత్వోద్యోగము ఎదురువచ్చి స్వాగతము పలికెడిది.

ఆయన కోరినది మాత్రము బడిపంతులు వృత్తి. ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరమునకు వెళ్లిరి. వంగవిభజనము వలన 1905లో పుట్టిన స్వదేశీ ప్రబోధము అప్పటికి గోదావరీతీరమును తాకియుండెను. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిరి. ఆ ఉపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనిగించి వినిపించిరి. విద్యార్థులు వందేమాతర పతకములను రొమ్మున ధరించి తరగతులకు వచ్చిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దానిని సహింపలేదు. విద్యార్థులకు ముందు నిలిచిన హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి వెడలగొట్టిరి. ప్రభుత్వోద్యోగమునకు ఆయన అనర్హుడను నిషేధమును తోడయ్యెను. ఒక చిన్న పతకము ఒక ఉపాధ్యాయుని జీవితమార్గమును మార్చివేసినది. తరగతిగది తలుపు మూసికొనగా ఆయన పత్రిక తలుపు తట్టిరి.

అంతకు ముందే ఆయన కలమునకు పని దొరికియుండెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగువారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలికై ఆయన అబ్రహాము లింకను చరిత్రను వ్రాసిరి. ఆ గ్రంథమాలలో మొదట వెలువడిన పుస్తక మదియే. బానిసత్వమును రూపుమాపిన పరదేశీయుని కథను తెలుగు బాలురకు తెలుగుననే చెప్పవలెనని తలచుట ఆనాటికి క్రొత్త సంగతి.

1908లో బెజవాడనుండి స్వరాజ్య యను వారపత్రికను ఆయన సంపాదకులుగా వెలువరింప దొడగిరి. బోడి నారాయణరావుగారు ఆ పనిలో వారికి తోడు నిలిచిరి. పత్రిక పేరే ప్రభుత్వమునకు కంటగింపు. ఆ యేడు మార్చి నెలలో తమిళదేశమున తిరునెల్వేలిలో గొప్ప అలజడి పుట్టెను. స్వదేశీ ఓడల కంపెనీని నడపిన చిదంబరం పిళ్లెగారిని, ఆయన సహచరుడైన సుబ్రహ్మణ్య శివను అధికారులు నిర్బంధించిరి. ప్రజలు అంగళ్లు మూసి వీథుల కెక్కిరి. ప్రభుత్వ భవనములకు నిప్పుపెట్టిరి. పోలీసులు తుపాకులు పేల్చగా నలుగురు మరణించిరి. ఆ వార్త బెజవాడ చేరినంతనే హరిసర్వోత్తమరావుగారి కలము మండిపోయెను. విదేశప్రభుత్వమును క్రూరవ్యాఘ్రముతో పోల్చి, అమాయకుల నెత్తురు త్రాగుచున్నదని నిందించుచు ఆయన వ్రాసిన వ్యాసము స్వరాజ్యలో అచ్చయ్యెను.

ఆనాటి న్యాయము ఎట్టిదో ఇచ్చట తెలిసికొనుట అవసరము. 1867 నాటి ముద్రణ చట్టము ననుసరించి అచ్చయిన ప్రతి కాగితముపైన ముద్రాపకుని పేరును, ముద్రణస్థలమును ఉండవలెను. కావున దాగుటకు చోటు లేదు. శిక్షాస్మృతిలోని 124-ఏ సెక్షను 1870లో చేర్చబడినది. ప్రభుత్వముపై ద్వేషమును గాని, తిరస్కారమును గాని, అప్రీతిని గాని పుట్టించుట రాజద్రోహమని దాని తాత్పర్యము. 1897లో తిలకుగారి మొదటి విచారణలో న్యాయాధిపతి స్ట్రేచీ అప్రీతి యనగా ప్రీతి లేకుండుట యని జ్యూరీకి బోధించెను. ప్రభుత్వమును ప్రేమింపకుండుటయే నేరమైన పక్షమున నేరస్థుడు కాని దేశభక్తుడు ఉండడు. ప్రభుత్వ చర్యలను ద్వేషము పుట్టకుండ విమర్శింపవచ్చునని ఆ సెక్షనులోనే వివరణ యున్నది. కాని తుపాకిగుండ్లకు నలుగురు నేలగూలిన వార్తను విని, మనసు చలింపకుండ విమర్శించుట ఎట్లో ఆ వివరణ చెప్పలేదు. వ్రాసినది సత్యమని రుజువు చేసినను ముద్దాయికి విడుదల లేదు. పరువునష్టపు వ్యాజ్యములో సత్యము కొంత రక్షణ నిచ్చును. రాజద్రోహపు వ్యాజ్యములో అదియును కరవు.

మరియొక విశేషము కలదు. ఈ నేరమునకు ప్రభుత్వపు అనుమతి లేనిదే వ్యాజ్యము సాగదు. గాయపడితినని చెప్పునది ప్రభుత్వము, వ్యాజ్యమునకు అనుమతి నిచ్చునదియు ప్రభుత్వము. నేరవిచారణ బహిరంగముగ జరుగవలెనని 1898 నాటి నేరవిచారణ స్మృతియే విధించినది. న్యాయస్థానపు తలుపులు తెరచియే యుండెను. కాని తలుపులు తెరచినంత మాత్రమున న్యాయము తెరచుకొనదు. చట్టమే మూసికొన్నపుడు సభలో కూర్చున్న జనులు చూడగలిగినది శిక్షను మాత్రమే.

హరిసర్వోత్తమరావుగారికి మూడేండ్ల కారాగారము ప్రాప్తించెను. నారాయణరావుగారును శిక్ష తప్పించుకొనలేదు. ఆ యేడే జూలైలో బొంబాయిలో తిలకుగారికి ఆరేండ్ల ప్రవాసశిక్ష పడినది. జ్యూరీలోని తొమ్మండుగురిలో ఏడుగురు ఆయనను దోషి యనిరి. ఈ పోలికను తలచియే కాబోలు తెలుగువారు హరిసర్వోత్తమరావుగారిని ఆంధ్రతిలకు డనిరి. ఆంధ్రదేశమున తొలి రాజకీయఖైదీ యను పేరును ఆయనకే చెందినది.

వెల్లూరు చెరసాలలో ఆయనను హంతకులతోడను, బందిపోటు దొంగలతోడను కలిపి యుంచిరి. తల గొరిగించిరి. మురికి టోపీ పెట్టిరి. మొలగుడ్డయు, చేతులు లేని చొక్కాయు తొడిగిరి. కాలుసేతులకు కడియములు, మెడలో కొయ్యపలక. మలమూత్ర విసర్జనము సైతము ఆ గదిలోనే కుండలలో చేసికొని, రాత్రి యంతయు ఆ దుర్గంధములోనే పరుండవలసి వచ్చెను. ఒక ఎం.ఏ. పట్టభద్రుడు గనుక ఈ బాధ ఎక్కువది యనుట కాదు. ఏ మనుష్యునకైనను తన దేహమును పరుల కంటినుండి మరుగుపరచుకొను పాటి మర్యాద ఉండవలెను. శిక్ష స్వేచ్ఛను తీసికొనవచ్చును గాని సిగ్గును తీసికొనరాదు. ఆనాడు ఈ భేదమును పాటించినవారు లేరు.

శిక్ష తీరి వెలుపలికి వచ్చిన పిమ్మట మరియొక శిక్ష ఆరంభమయ్యెను. దీనిని విధించినది న్యాయస్థానము కాదు, భయము. ప్రభుత్వాగ్రహమునకు గురియైనవానిని ఇంటిలోనికి రానిచ్చుటకు జనులు జంకిరి. ఎరిగినవారే ఎరుగనట్లు తొలగిపోయిరి. ఒక సంపాదకుని చెరలో వేయుటవలన ప్రభుత్వము సాధింపదలచిన ఫలము ఇదియే. ఒకని నోరు నొక్కిన వేయినోళ్లు తమంతట తామే మూతపడును. ఆయన నోరు మాత్రము మూతపడలేదు.

కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1914లో మద్రాసునుండి ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరింపగా హరిసర్వోత్తమరావుగారు దాని సంపాదకత్వమున పాలుపంచుకొనిరి. అనీబిసెంటమ్మగారు 1916లో హోమ్‌రూలు ఉద్యమము నారంభింపగా ఆంధ్రశాఖకు కార్యదర్శియై ఊరూర తిరిగిరి. సతీమణి రమాబాయిగారితో కూడి స్త్రీలకొరకు సౌందర్యవల్లి యను పత్రికను నడపిరి. తరువాత మద్రాసు శాసనమండలిలో సభ్యులై, ఏ ప్రభుత్వము తనను నేరస్థుడనెనో ఆ ప్రభుత్వమునే సభలో నిలదీయు హక్కును పొందిరి.

చెరసాల ఆయనకు నేర్పిన గొప్ప పాఠము వేరొకటి కలదు. వ్రాయుటకు స్వేచ్ఛ యుండిన చాలదు, చదువుటకు జనులుండవలెను. అక్షరము రానివానికి పత్రికాస్వాతంత్ర్యము ఆకాశపుష్పము. అందుచేత ఆయన గ్రంథాలయోద్యమమునకు, వయోజనవిద్యకు తన ఉత్తరజీవితమును ధారపోసిరి. 1914లో బెజవాడలో స్థాపితమైన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు దీర్ఘకాలము అధ్యక్షులైరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగు వారితో కలిసి పల్లెపల్లెను పుస్తకములు చేర్చు పనికి పాటుపడిరి. బడినుండి వెడలగొట్టబడిన ఉపాధ్యాయుడు ఈ విధముగ దేశమునే బడిగా చేసికొనెను.

తన సీమను ఆయన ఎన్నడును మరువలేదు. దత్తమండలము లనబడిన ఈ జిల్లాలకు రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభలలో వ్యాప్తికి వచ్చినది. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడికను చేసికొనిరి. రాజధాని, ఉన్నతన్యాయస్థానము ఈ రెంటిలో దేనిని కోరుకొనవలెనో నిర్ణయించుకొను హక్కు రాయలసీమకు ఉండవలెనని అందలి ముఖ్యాంశము. న్యాయస్థానము బహిరంగముగ నుండుటయే గాక పేదకు నడచిపోగల దూరములో నుండవలెనను కోరిక అందులో ఇమిడియున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరింపగా రాజధాని కర్నూలు, మరుసటి యేడు ఉన్నతన్యాయస్థానము గుంటూరున వెలసెను. పుట్టిన ఊరు రాజధాని యగుట ఆయన కన్నులార చూచిరి. 1956లో ఆ వైభవము హైదరాబాదునకు తరలుటయు చూచిరి.

1960వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన ఆయన కీర్తిశేషులైరి. ఆ యేడే ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టము వెలువడెను.

ఆయనను చెరకు పంపిన సెక్షను ఆయనకంటె దీర్ఘాయువు. 1950లో రాజ్యాంగము భావప్రకటన స్వేచ్ఛను ప్రాథమిక హక్కు చేసినను 124-ఏ చెక్కుచెదరలేదు. 1962లో కేదారనాథ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానికి హద్దు గీచినది. హింసను, అశాంతిని రేపు మాటయే నేరము గాని తీవ్రవిమర్శ మాత్రము నేరము కాదనినది. ఈ కొలబద్ద 1908లో ఉన్నచో న్యాయాధిపతి పులి యను ఉపమానమును గాక, దానివలన పుట్టబోవు ఫలమును తూచవలసి వచ్చెడిది. 1994లో రాజగోపాల్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము మరియొక గీత గీచినది. పౌరుని గృహజీవితము అతని సొంతము, న్యాయస్థానపు దస్త్రములలోని సంగతి లోకమునది, అధికారి తన ఉద్యోగధర్మమున చేసిన పని విమర్శకు లోబడినది. 2017లో ఏకాంతపు హక్కు ప్రాథమిక హక్కేయని తొమ్మండుగురు న్యాయాధిపతులు ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. 2022 మే నెలలో 124-ఏ అమలును సుప్రీంకోర్టు నిలిపివేసినది. 2024 జూలై 1 నుండి క్రొత్త న్యాయసంహిత అమలులోనికి రాగా రాజద్రోహ మను మాట తొలగినది గాని, దేశసార్వభౌమత్వమునకు, సమైక్యతకు హాని చేయు మాటలను చేతలను శిక్షించు 152వ సెక్షను దాని చోట నిలిచినది. పేరు మారిన మాత్రమున ప్రశ్న తీరదు.

ఈ గీతలను చేతబట్టి గాడిచర్లవారి వ్యాసమును చూచిన దాని స్వరూపము స్పష్టమగును. అది ఒకరి ఇంటిగుట్టును బజారున పెట్టలేదు. వీథిలో, పగటివేళ, ప్రభుత్వము తుపాకితో చేసిన పనిని ప్రశ్నించినది. తిరునెల్వేలిలో భవనములు తగులబడుట నిజమే గనుక ప్రభుత్వపు భయము వట్టిది కాదు. అయినను తగులబెట్టిన చేయి వేరు, వ్రాసిన చేయి వేరు. ఈ రెంటికి ఒకే సంకెల వేయుటయే ఆనాటి చట్టపు దోషము. ఏది ప్రజల సొత్తు, ఏది మనుష్యుని సొంతము, ఏది న్యాయస్థానమున అందరి ముందు తేలవలసినది అను మూడు ప్రశ్నలను వేరుపరచి చూడగలిగిన విద్యార్థి రేపు పత్రిక చేపట్టినను, న్యాయపీఠ మెక్కినను, చేయి తప్పడు. బడినుండి వెళ్లగొట్టబడిన ఆ పంతులు చెప్పదలచిన పాఠమును నేటి పంతుళ్లు తరగతిగదిలోనే చెప్పవచ్చును. దానికి ఎవరి అనుమతియు అక్కరలేని కాలమును తెచ్చుటకే ఆయన మూడేండ్లు వెల్లూరులో గడపిరి.