ఆంధ్ర జనసంఘ సారథి మాడపాటి హనుమంతరావు

వరంగల్లు జిల్లా నర్సంపేట ప్రాంతం పాఖాల చెరువు నీటితో పండే నేల. నూరేళ్ళ క్రితం ఇక్కడి రైతు తన గోడును సర్కారుకు విన్నవించుకోవాలంటే ముందుగా ఉర్దూ తెలిసిన వానిని వెతుక్కోవలసి వచ్చేది. దరఖాస్తు ఉర్దూలో వ్రాయాలి; దానిపై వచ్చే ఉత్తరువు కూడా ఉర్దూలోనే ఉండేది. నిజాం రాజ్యంలోని పదహారు జిల్లాలలో ఎనిమిది తెలుగు జిల్లాలు. ప్రజలలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. అయినా కచేరీలలోను, న్యాయస్థానాలలోను, ఉన్నత విద్యలోను తెలుగుకు చోటు లేదు. సర్కారు అనుమతి లేనిదే బహిరంగ సభ జరపరాదు. రాజకీయమన్న మాటే నేరంగా భావించబడిన ఆ కాలంలో తెలుగువారికొక సంఘాన్ని ఏర్పరచి, దానిని ఊరూరికీ విస్తరింపజేసిన వారిలో అగ్రగణ్యుడు మాడపాటి హనుమంతరావు.

ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి మరణించగా మేనమామల ఆశ్రయంలో సూర్యాపేటకు చేరారు. అట్లా బ్రిటిషు పాలనలోని గ్రామంలో పుట్టిన బాలుడు నిజాం రాష్ట్రపు ప్రజ అయినాడు. హనుమకొండలో చదువుకొని, అక్కడే విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తాగా కొన్నేళ్ళు పనిచేశారు. ఉర్దూ, పారసీ భాషలలో ఆయనకు గట్టి పాండిత్యం ఉండేది. ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకు వ్యాసాలు వ్రాసేవారు. తెలుగు కోసం జీవితమంతా పాటుపడిన వ్యక్తికి ఉర్దూపై ఇంత అధికారం ఉండటం విచిత్రంగా తోచవచ్చు. కాని సర్కారుతో సర్కారు భాషలో, చట్టం మాటలతో వాదించగలిగినందువల్లనే ఆయన మాటకు అధికారుల వద్ద విలువ కలిగింది.

1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. దాని స్థాపనలో పాలుపంచుకున్న యువకులలో హనుమంతరావు ఒకరు. అంతకు మూడేళ్ళ ముందు, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. నాటి గ్రంథాలయం కేవలం పుస్తకాలు చదువుకొనే చోటు కాదు. పదిమంది తెలుగువారు అనుమానానికి తావు లేకుండా ఒకచోట కూర్చోగలిగిన నీడ అది. హనుమంతరావు తరువాత హైదరాబాదు చేరి, 1917లో న్యాయవాద వృత్తి చేపట్టారు.

1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినీ నాట్యశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కర్వే. వక్తలు ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో ఉపన్యసించారు. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోగా సభలోని కొందరు గేలి చేసి ఆయనను మాట్లాడనీయలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించుకున్నారు. అప్పటి సభ్యులు పట్టుమని పదకొండుగురు. అవమానం జరిగిన రాత్రి ఆవేశపడటం సులభమే. మరునాటి నుండి చందాలు పోగుచేయడం, ఉత్తరాలు వ్రాయడం, ఊళ్ళు తిరగడం ఎవరు చేస్తారన్నదే ప్రశ్న. ఆ భారం హనుమంతరావుపై పడింది.

జిల్లాలలో వెలసిన సంఘాలన్నిటినీ ఒక్క త్రాటిపైకి తేవడానికి 1923 ఏప్రిల్ 1న హనుమకొండలో సమావేశం జరిగింది. అక్కడ నిజాం రాష్ట్రాంధ్ర జనకేంద్ర సంఘం రూపుదిద్దుకొన్నది; హనుమంతరావు దానికి కార్యదర్శి అయినారు. గ్రంథాలయాలు, పాఠశాలలు నెలకొల్పడం, విద్యార్థులకు తోడ్పడటం, తాళపత్ర గ్రంథాలు సేకరించడం, కరపత్రాలు ప్రకటించడం దాని ఆశయాలు. ఇందులో రాజకీయమన్న పదం ఎక్కడా లేదు. ఉండి ఉంటే సంఘం ఆనాడే మూతపడేది. కేంద్ర సంఘ సమావేశాలు తరువాత నల్లగొండ, మధిర, సూర్యాపేటలలో జరిగాయి. ఓరుగల్లు ప్రాంతమూ ఆ ఉత్సాహంలో వెనుకబడలేదు. హనుమకొండ సమావేశానికి ముందు ఏడాదే, 1922లో, ఆనాటి వరంగల్లు జిల్లా ఇనుగుర్తి గ్రామం నుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించారు. ఒక పల్లెటూరిలో ముద్రణాలయం నెలకొల్పి పత్రిక నడిపిన ఆ సోదరుల సాహసం వేరొక పాఠానికి తగిన కథ.

సంఘం చేసిన పనులలో వెట్టిచాకిరిపై సాగించిన కృషి ముఖ్యమైనది. అధికారి గ్రామానికి విడిది చేస్తే కుమ్మరి కుండలు, గొల్లవాడు మేకలు, రైతు బండి ఉచితంగా ఇచ్చుకోవాలి. చాకలి, మంగలి, మాల మాదిగలు కూలి లేకుండా పనిచేయాలి. వర్తకుడు అధికారి చెప్పిన ధరకే సరకు అప్పగించాలి. దొరల గడీలలో ఈ పద్ధతి ఏడాది పొడుగునా సాగేది. సంఘం వర్తక స్వాతంత్ర్యం గురించి, వెట్టి గురించి చిన్న పుస్తకాలు తెలుగులో అచ్చువేసి పంచింది. ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపింది. చట్టం తనకిచ్చిన హక్కు ఏమిటో సామాన్యునికి తన భాషలో తెలియడం అదే మొదలు. వెట్టి మాత్రం ఆ కాగితాలతో పోలేదు. దానికి పిమ్మట ఎందరో ప్రాణాలు ఒడ్డవలసి వచ్చింది.

1928లో హనుమంతరావు హైదరాబాదు నారాయణగూడలో ఆంధ్ర బాలికా పాఠశాలను స్థాపించారు. బోధన తెలుగులో జరిగేది కనుక ఉర్దూ చదువులకే ఆదరణ ఉన్న రాష్ట్రంలో ఆ విద్యార్థినుల పై పరీక్షలు సమస్య అయినాయి. అందుకై పాఠశాలను కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుసంధించారు. తెలుగు మాటకు పరాభవం జరిగిన సభకు అధ్యక్షత వహించిన కర్వే పేరే, ఏడేళ్ళ తరువాత తెలుగు బాలికల చదువుకు అండ కావడం ఆసక్తికరం.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. 1935లో సిరిసిల్ల మహాసభకు హనుమంతరావు అధ్యక్షత వహించారు. సభ జరిపిన ప్రతిసారీ సర్కారు అనుమతి కోరడం, విధించిన షరతులకు తలొగ్గడం తప్పలేదు. ఆయన ఓర్పును యువకులు కొందరు మెతకదనంగా భావించారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మహజరులు సమర్పిస్తూ, తీర్మానాలు చేస్తూ ఉంటే దొర కొరడా ఆగుతుందా అని వారు అడిగారు. 1941లో చిలుకూరు సభకు, 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. సభ్యత్వ రుసుము తగ్గి, రైతుకూలీలు వేలాదిగా చేరిన మహాసభ కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వెళ్ళింది. మితవాదులు విడిపోయి 1945లో హనుమకొండకు సమీపంలోని మడికొండలో వేరుగా సభ జరుపుకున్నారు. హనుమంతరావు ఆ మితవాదుల పక్షానే నిలిచారు. ఆయన పెంచిన సంఘం ఆయన నడవని బాటలో సాగి సాయుధ పోరాటానికి భూమిక అయింది. ఆ పోరాటంలో పాల్గొన్న మద్దికాయల ఓంకార్‌ను నర్సంపేట ప్రజలు 1972 నుండి 1989 వరకు జరిగిన ఎన్నికలలో ఐదు పర్యాయాలు శాసనసభకు పంపారు. పదకొండుగురితో మొదలైన సంఘానికి, ఈ ఊరి ఎన్నికల చరిత్రకు మధ్య ఉన్న బంధుత్వం అది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతమైంది. 1951లో హనుమంతరావు హైదరాబాదు నగర మేయరైనారు. 1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసన మండలికి అధ్యక్షులుగా వ్యవహరించారు. ప్రజలు ఆయనను ఆంధ్ర పితామహుడని పిలిచారు. అయితే ఆయన పదవులకన్న చరిత్రకారుని దృష్టిలో విలువైనది తెలంగాణ ఆంధ్రోద్యమము అనే ఆయన గ్రంథం. సభల తేదీలు, తీర్మానాలు, అనుమతుల నిరాకరణలు, పనిచేసినవారి పేర్లు అందులో ఓపికగా పొందుపరచారు. గుమాస్తాగా అలవడిన క్రమశిక్షణ అందులో కనబడుతుంది. ఆయన 1970 నవంబరు 11న కన్నుమూశారు. నారాయణగూడ బాలికా పాఠశాల ఆయన పేరనే ప్రసిద్ధి పొందింది.