కదిలే అయస్కాంతం: మైఖేల్ ఫారడే జీవితం

పరవాడ వైపు బస్సులో వెళ్ళేవారికి సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. 2002లో మొదటి యూనిట్ మొదలైన ఆ కేంద్రంలో ఇప్పుడు 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. ఆవిరి బలంతో అక్కడొక పెద్ద విద్యుదయస్కాంతం నిమిషానికి 3,000 సార్లు తిరుగుతూంటే, దాని చుట్టూ ఉన్న తీగచుట్టల్లో విద్యుచ్ఛక్తి పుడుతుంది. ఇక మరో దృశ్యం చూడండి. భుజం పట్టేసి చెయ్యి పైకెత్తలేని మనిషి ఒకడు ఫిజియోథెరపీ గదిలో కూర్చున్నాడు. భుజం దగ్గర ఒక తీగచుట్ట ఉంచి మీట నొక్కగానే, సూది లేదు, ఒంటికి అతికించిన తీగ లేదు, అయినా లోపలి కండ టకటకా అదురుతుంది. అంత పెద్ద కేంద్రానికీ, ఇంత చిన్న తీగచుట్టకీ మూలపురుషుడు ఒక్కడే. ఆయన ఒక కమ్మరివాని కొడుకు, మైఖేల్ ఫారడే.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ చేరువలోని న్యూయింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కొలిమి పనివాడు, పైగా అనారోగ్యం. కరువు రోజుల్లో ఒక రొట్టెతో వారమంతా సరిపెట్టుకోవలసి వచ్చేదట. చదవడం, రాయడం, కాసిన్ని కూడికలు - బడిలో ఆయనకు అబ్బిన చదువంతా ఇంతే. పద్నాలుగో ఏట రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర ఏడేళ్ళ ఒప్పందం మీద బైండింగు పనికి కుదిరాడు. బైండు చెయ్యడానికి వచ్చిన పుస్తకాలే ఆయనకు విశ్వవిద్యాలయమయ్యాయి. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీది వ్యాసం, జేన్ మార్సెట్ అనే మహిళ రాసిన రసాయనశాస్త్ర సంభాషణలు ఆయన దారిని మార్చేశాయి.

1812లో ఒక పెద్దమనిషి దయవల్ల రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు దొరికాయి. ఫారడే విన్నదంతా రాసుకున్నాడు, బొమ్మలు గీశాడు, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడే ప్రయోగశాల సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. ఆ ఏడాదే డేవీ వెంట ఐరోపా యాత్రకు వెళ్ళాడు. ఎందరో శాస్త్రజ్ఞుల్ని కళ్ళారా చూశాడు గానీ, డేవీ భార్య ఆయన్ని నౌకరుగానే చూసింది.

1820లో డెన్మార్క్ దేశస్థుడు ఓర్‌స్టెడ్, కరెంటు పారే తీగ పక్కన అయస్కాంత సూది కదలడం గమనించాడు. మరుసటి ఏడాదే ఫారడే కరెంటు బలంతో తీగను అయస్కాంతం చుట్టూ తిప్పి చూపాడు. నేటి మోటారుకు అదే బీజం. అయితే పేరుతోపాటు అపవాదు కూడా వచ్చింది. వూలస్టన్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడి ఆలోచనను చెప్పకుండా వాడుకున్నాడని కొందరన్నారు. 1823లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వచ్చినప్పుడు, చేరదీసిన గురువు డేవీయే అడ్డు చెప్పాడు. ఫారడే బదులుగా గురువును నిందించలేదు, మౌనంగా పనిలో మునిగాడు. సభ్యత్వం రానే వచ్చింది.

కరెంటు నుంచి అయస్కాంతత్వం వస్తే, అయస్కాంతత్వం నుంచి కరెంటు ఎందుకు రాకూడదు? ఈ ప్రశ్న ఆయన్ని పదేళ్ళు వెంటాడింది. 1831 ఆగస్టు 29న ఒక ఇనుప వలయానికి ఒక పక్క ఒక తీగను, రెండో పక్క ఇంకో తీగను చుట్టాడు. మొదటి చుట్టకు బ్యాటరీ కలిపిన క్షణాన, రెండో చుట్ట దగ్గరి సూది చటుక్కున కదిలి ఆగిపోయింది. బ్యాటరీ విడదీసిన క్షణాన మళ్ళీ కదిలింది. మధ్యలో కరెంటు ఎంతసేపు పారినా సూదిలో చలనమే లేదు! అక్టోబరులో వట్టి తీగచుట్టలోకి అయస్కాంతపు కడ్డీని చొప్పించి, వెనక్కి లాగి అదే ఫలితం చూశాడు. అంటే అయస్కాంతం ఉంటే చాలదు, అది కదలాలి, లేదా దాని బలం మారాలి. అదే విద్యుదయస్కాంత ప్రేరణ.

ఈ సత్యం వైద్యంలోకి రావడానికి ఆట్టే కాలం పట్టలేదు. ఫ్రెంచి వైద్యుడు డ్యుషేన్ ప్రేరిత విద్యుత్తుతో చచ్చుబడిన కండరాలను పరీక్షించాడు. ఫిజియోథెరపీలో ఫారడిక్ కరెంట్ అనే మాట ఫారడే పేరు మీదిదే. 1896లో దార్సోన్‌వాల్ పెద్ద తీగచుట్టలో తల ఉంచి, మారే అయస్కాంత క్షేత్రం వల్ల కళ్ళలో వెలుగులు మెరుస్తాయని చెప్పాడు. 1980లలో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం మొదట చేతి నరాలను, 1985లో మెదడును ఒంటిపైనుంచే తీగచుట్టతో ప్రేరేపించింది. క్షణంలో వెయ్యో వంతు కన్న తక్కువ కాలం మెరిసే అయస్కాంత క్షేత్రం శరీరం లోపల కరెంటు పుట్టిస్తుంది, నరం మేల్కొంటుంది, కండ ముడుచుకుంటుంది.

మరి స్నాయుబంధనాల సంగతి? కండను ఎముకకు కట్టి ఉంచే గట్టి తాళ్ళు అవి. వాటికి దెబ్బ తగిలితే మనవాళ్ళు నరం పట్టేసిందంటారు. రక్తప్రసరణ తక్కువ కనుక మానడానికి నెలలు పడుతుంది. 1984లో కేంబ్రిడ్జి వైద్యులు భుజం స్నాయు బాధ ఉన్న 29 మందిలో కొందరికి అయస్కాంత స్పందనల యంత్రాన్నీ, కొందరికి ఉత్తుత్తి యంత్రాన్నీ ఇచ్చి చూశారు. ఎవరికేదో ఎవరికీ తెలియనివ్వలేదు. తొలి నాలుగు వారాల్లో అసలు యంత్రం వాడినవారికే మేలు కనిపించింది. కాని తరవాతి పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. నొప్పి కొంత తగ్గించవచ్చు గానీ, క్రమంగా బరువు పెంచే వ్యాయామం స్థానాన్ని ఈ చికిత్స తీసుకోలేదు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు దీని దరికి పోకూడదు. సంతల్లో అమ్మే అయస్కాంతపు పట్టీలంటారా? కదలని అయస్కాంతం కరెంటు పుట్టించదని ఫారడే 1831లోనే చూపించాడు కదా!

ఆయన ఉండి ఉంటే ఏం చేసేవాడో ఊహించడం కష్టం కాదు. 1853లో లండన్‌లో ఆత్మలు బల్లలు తిప్పుతున్నాయని, అది విద్యుత్తేనని గగ్గోలు పుట్టింది. ఫారడే వాళ్ళను ఎగతాళి చెయ్యలేదు. చేతుల కింద కదిలే అట్టలు అమర్చి, తెలియకుండానే మనుషుల చేతులే బల్లను తోస్తున్నాయని రుజువు చేశాడు. నమ్మకాన్ని పరీక్షకు పెట్టడమే ఆయన ధర్మం.

సర్ బిరుదు వద్దన్నాడు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నాడు. నలభై ఎనిమిదో ఏట ఆరోగ్యం దెబ్బతింది, జ్ఞాపకశక్తి మొరాయించింది. అయినా 1845లో కాంతి మీద అయస్కాంత ప్రభావాన్ని కనుగొన్నాడు. గణితం రాని ఆయన ఊహకు మాక్స్‌వెల్ గణితరూపమిచ్చాడు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం ఆడంబరం లేకుండా హైగేట్ శ్మశానంలో సమాధి చేశారు.

మిత్రులారా! మన ప్రయోగశాలలో తీగచుట్టలోకి అయస్కాంతం తోసినప్పుడు గాల్వనోమీటరు ముల్లు కదులుతుంది. రికార్డు పుస్తకంలో రీడింగు వేసుకుని వెళ్ళిపోతాం. ఈసారి ఒక్క నిమిషం ఆగి, అయస్కాంతాన్ని కదపకుండా ఉంచి చూడండి. ముల్లు సున్నా దగ్గరే నిలుస్తుంది. ఆ సున్నా కూడా ఫారడే మనకిచ్చిన పాఠమే. చదువైనా, చికిత్సయినా, మనిషైనా - కదలిక ఉన్నచోటే శక్తి.